పది పంటల పురుగు, ఒక్క పంట పురుగు

పల్నాటి నల్లరేగడి నేలల్లో ఈనాడు విస్తారంగా సాగవుతున్న పంటల్లో చాలావాటికి ఈ గడ్డతో ఉన్న పరిచయం, పురుగుల సుదీర్ఘ చరిత్రతో పోల్చి చూస్తే, నిన్నమొన్నటిది. మిరప పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల మీద భారతదేశానికి చేరిన అమెరికా జాతి; పొగాకు, మొక్కజొన్న కూడా ఆ ఖండాల నుంచి వచ్చినవే; నరసరావుపేట, సత్తెనపల్లి, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో ఇప్పుడు వేస్తున్న పత్తి సైతం అనాదిగా ఇక్కడ పండిన దేశవాళీ పత్తి కాదు, మధ్య అమెరికా ప్రాంతంలో పుట్టిన మరో జాతి. కంది ఈ ఉపఖండంలోనే సాగులోకి రాగా, శనగ, జొన్న వేల ఏళ్ల కిందటే ఇక్కడ స్థిరపడ్డాయి. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు వచ్చిన తరువాత పంటల అమరిక మరొకసారి మారి, కొత్త మొక్కలు వేల ఎకరాల్లో ఒకే రకంగా, ఒకే సమయంలో పచ్చబడసాగాయి. ఈ మొక్కలను ఇప్పుడు నమిలేస్తున్న శనగపచ్చ పురుగు, లద్దె పురుగు, రసం పీల్చే తామర పురుగు మాత్రం చాలావరకు పాత ప్రపంచానికి చెందినవి. వాటి పూర్వీకులు మిరపను గాని, అమెరికా పత్తిని గాని ఎరగవు.

ఒక కీటకం ఏ మొక్క మీద గుడ్లు పెట్టి, ఏ మొక్కను తిని తన తరాన్ని పూర్తిచేసుకుంటుందో ఆ మొక్కను దాని ఆతిథేయి అంటారు. ఎరగని మొక్క ఆతిథేయిగా మారడంలో రెండు వేర్వేరు ప్రక్రియలు ఇమిడి ఉన్నాయి, వాటిని కలగలిపితే తరువాతి చర్చ అంతా తికమక అవుతుంది. గొంగళి పురుగు ఒక ఆకును కొరికినప్పుడు ఆ ఆకులోని రసాయనాలకు స్పందించి దాని పొట్టలో కొన్ని జన్యువులు ఎక్కువగా పనిచేయడం మొదలవుతుంది. ఇది ఆ ఒక్క పురుగు జీవితకాలంలో జరిగే సర్దుబాటు, దాని సంతానానికి ఇందులో వారసత్వంగా వచ్చేది ఏమీ ఉండదు. జన్యు అనుకూలనం ఇది కాదు. ఒక జాతిలోని పురుగుల మధ్య ముందే ఉన్న, లేదా కొత్తగా తలెత్తిన జన్యు భేదాలలో, కొత్త మొక్క మీద బతికి పిల్లలను కనడానికి పనికివచ్చేవి తరం తరువాత తరానికి వాటా పెంచుకుంటూ పోవడాన్ని జన్యు అనుకూలనం అంటారు. మొదటిదానికి కొన్ని గంటలు చాలు. రెండోదానికి తరాలు కావాలి, అయితే వేసవిలో ముప్పై నలభై రోజులకు ఒక తరం పూర్తయ్యే పురుగుకు తరాలు కావడానికి మనుషుల లెక్కలో ఎంతో కాలం పట్టదు.

పచ్చగా కనిపించే ప్రతి ఆకూ పురుగుకు ఆహారం కాదు. పత్తి ఆకుల మీద, కాయల మీద నల్లని చుక్కలుగా కనిపించే గ్రంథుల్లో గాసిపాల్ అనే పసుపుపచ్చని విషపదార్థం నిండి ఉంటుంది. పొగాకులో నికోటిన్, మిరపకాయలో ఘాటుకు కారణమైన కాప్సైసిన్ ఉన్నాయి. శనగ మొక్క తన సన్నని నూగు నుంచి మాలిక్, ఆక్జాలిక్ ఆమ్లాలను చిమ్ముతుంది, మంచు వేళ శనగ చేలో నడిచినవారి బట్టలకు అంటే పులుపు అదే. మొక్క ఎదుగుదలకు నేరుగా అవసరం లేని ఈ పదార్థాలు కీటకాలతో కోట్ల ఏళ్లుగా సాగుతున్న పోరాటంలో తయారైన ఆయుధాలని, ఒక మొక్కల కుటుంబం కొత్త విషాన్ని సంపాదించుకోవడం, దానిని జయించిన కీటక శాఖ ఆ కుటుంబం మీద విస్తరించడం ఒకదాని వెంట ఒకటి జరుగుతూ వచ్చాయని 1964లో పాల్ ఎర్లిక్, పీటర్ రేవెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు సీతాకోకచిలుకలను పరిశీలించి ప్రతిపాదించారు. ఆ తరువాత ఈ రంగంలో జరిగిన పనిలో చాలా భాగం ఆ ప్రతిపాదనకు జన్యువుల స్థాయిలో రుజువులు వెతకడమే.

కొత్త మొక్క ముందుగా పురుగు నోటికి నచ్చాలి. కీటకాల నోటి భాగాల మీద, కాళ్ల మీద ఉండే రుచి కణాల్లో గ్రాహకాలు అనే ప్రోటీన్లు ఉంటాయి. ఒక్కో గ్రాహకం కొన్ని రసాయనాలను మాత్రమే గుర్తించి, తినవచ్చుననో, వదిలేయవలసిందనో సంకేతం పంపుతుంది. మల్బరీ ఆకు తప్ప మరొకటి ముట్టదని పేరు పడ్డ పట్టుపురుగులో జీఆర్66 అనే ఒకే ఒక్క గ్రాహక జన్యువును చైనా శాస్త్రవేత్తలు జన్యు సవరణ ద్వారా పనిచేయకుండా చేసి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఆ పురుగులు ఆపిల్, పియర్ పండ్లను, సోయా గింజలను కూడా తిన్నాయి. వేల ఏళ్ల కట్టుబాటు ఒక్క జన్యువు చెడిపోవడంతో సడలిపోయింది. పట్టుపురుగును మల్బరీకి కట్టివేసినది మల్బరీ మీది మక్కువ ఒక్కటే కాదని, ఇతర మొక్కలను వద్దని చెప్పే ఒక గ్రాహకం కూడా అందుకు కారణమని ఈ ప్రయోగం తేల్చింది.

అన్నీ తినే పురుగుల్లో పరిస్థితి ఇంకో విధంగా ఉంటుంది. శాస్త్రీయంగా హెలికోవెర్పా ఆర్మిజెరా అని పిలిచే శనగపచ్చ పురుగు కంది, శనగ, పత్తి, మిరప, టమాటా, పొద్దుతిరుగుడు, జొన్న కంకులు, బంతిపూలు వేటినీ వదలదు. 2017లో ప్రచురితమైన దాని జన్యుపటంలో పదిహేడు వేల పైచిలుకు జన్యువులు ఉండగా, రుచి గ్రాహకాల జన్యువులే రెండు వందలకు పైగా తేలాయి. మిరప తోటల గట్ల వెంట ఆముదాన్ని ఎరగా నాటి ఆకర్షించే పొగాకు లద్దె పురుగులోనూ అంతే, రుచి గ్రాహకాలూ విషాలను విరిచే ఎంజైముల జన్యువులూ అసాధారణంగా పెరిగి ఉన్నాయని అదే ఏడాది వెలువడిన మరో జన్యుపటం చూపింది. అమెరికా ఖండాలకు పరిమితమైన దాని దాయాది, మొక్కజొన్న పొత్తులను తినే హెలికోవెర్పా జియా, శనగపచ్చ పురుగు నుంచి దాదాపు పదిహేను లక్షల ఏళ్ల కిందట విడిపోయిందని అంచనా. దానిలో ఈ జన్యువుల సంఖ్య తక్కువ. తిండి విస్తృతి జన్యువుల లెక్కలో ఇంత సూటిగా కనబడటం జీవశాస్త్రంలో అరుదు.

నోటికి నచ్చిన తరువాత పొట్ట తట్టుకోవాలి. కీటకాల మధ్య పేగులో సైటోక్రోమ్ పీ450 అనే ఎంజైముల కుటుంబం ఉంది. ఇవి విషపు అణువుకు ఆక్సిజన్‌ను అంటించి, దానిని నీటిలో కరిగి విసర్జింపబడే రూపానికి తెస్తాయి. శనగపచ్చ పురుగులో ఇలాంటి జన్యువులు వందకు పైగా ఉన్నాయి. 2007లో షాంఘై శాస్త్రవేత్తలు గాసిపాల్ తిన్న పురుగు పొట్టలో వీటిలో ఒకటైన సీవైపీ6ఏఈ14 చురుకెత్తుతుందని, ఆ జన్యువు సందేశాన్ని అడ్డుకునే పదార్థాన్ని మొక్క ద్వారానే తినిపిస్తే పురుగు గాసిపాల్ ఉన్న ఆహారం మీద సరిగా ఎదగదని చూపారు. ఆ ఎంజైము గాసిపాల్‌ను నేరుగా విరవదని, గాసిపాల్ అణువుకు చక్కెరను అతికించి దాని పదును పోగొట్టే మరో ఎంజైముల కుటుంబం ముఖ్యమని ఆ తరువాత తేలింది. కాప్సైసిన్ విషయంలోనూ ఈ చక్కెర అతికింపే ప్రధానమని, మిరప, పొగాకు కుటుంబానికి అంటిపెట్టుకుని బతికే మరో హెలికోవెర్పా జాతికి ఈ సామర్థ్యం ఇంకా ఎక్కువని ప్రయోగాలు చెబుతున్నాయి.

ఇన్ని ఎంజైములు ఎలా సమకూరాయన్నది అసలు ప్రశ్న. బీజకణాలు ఏర్పడే సమయంలో జంట క్రోమోజోములు తమ ముక్కలను ఇచ్చిపుచ్చుకుంటాయి. ఒకే పోలిక ఉన్న జన్యువులు పక్కపక్కన వరుసగా ఉన్నచోట ఈ మార్పిడి హద్దు తప్పి, ఒక క్రోమోజోముకు అదనపు ప్రతి దక్కడం, రెండోదానికి ఒకటి తగ్గడం జరుగుతుంది. అదనంగా వచ్చిన ప్రతి మీద పాత బాధ్యత ఉండదు కనుక దానిలో ఉత్పరివర్తనాలు, అంటే జన్యు సమాచారంలో ఆకస్మిక మార్పులు, పేరుకున్నా పురుగుకు నష్టం లేదు. లక్షల ప్రతులలో ఎక్కడో ఒకటి కొత్త విషాన్ని పట్టుకోగలిగే రూపం తీసుకుంటే సహజ వరణం దానిని నిలుపుకుంటుంది. సీవైపీ6ఏఈ కుటుంబానికి చెందిన తొమ్మిది జన్యువులు శనగపచ్చ పురుగు క్రోమోజోము మీద ఒకే గుంపుగా ఉన్నాయి. 2018లో చైనా శాస్త్రవేత్తలు ఆ గుంపు మొత్తాన్ని కత్తిరించి తీసివేయగా, ఆ పురుగులు కొన్ని మొక్కల విషాలకే కాక, ఎస్‌ఫెన్‌వలరేట్, ఇండాక్సాకార్బ్ వంటి పురుగుమందులకు కూడా తట్టుకోలేకపోయాయి.

పల్నాటి రైతుకు నేరుగా సంబంధించిన విషయం ఇక్కడే ఉంది. ఆకులోని విషానికీ పిచికారీ డబ్బాలోని విషానికీ పురుగు పొట్ట తేడా చూడదు. రెండింటి మీదా ఒకే యంత్రాంగం పనిచేస్తుంది. 1987-88లో ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి పొలాల్లో సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు ఎన్నిసార్లు చల్లినా శనగపచ్చ పురుగు చావక, పంట పోయి, అప్పులు మిగిలి, రైతుల ఆత్మహత్యల వార్తలు దేశమంతటినీ కలచివేశాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి సేకరించిన పురుగులు ఆ మందులకు నిరోధకత సంపాదించుకున్నాయని 1989 నాటికి అంతర్జాతీయ పత్రికల్లో నమోదైంది. ఈ నిరోధకతకు కారణాలు ఒకటికి మించి ఉన్నాయి. వాటిలో ఒకదానిని 2012లో ఆస్ట్రేలియా పురుగుల్లో విప్పిచూశారు: పక్కపక్కన ఉన్న రెండు పీ450 జన్యువులు హద్దు తప్పిన మార్పిడిలో ఒకదాని తల, మరొకదాని మొండెంతో అతుక్కుని సీవైపీ337బీ3 అనే మూడో జన్యువు పుట్టగా, దాని ఎంజైము ఫెన్‌వలరేట్‌ను విరవగలిగింది. మొక్కలతో పోరులో పోగుపడిన సామగ్రితోనే మందును జయించిన మార్గం ఇది. టమాటా మీద కొన్ని తరాలు పెంచిన ఎర్రనల్లిలో, అది నిజానికి కీటకం కాకపోయినా, జన్యువుల పనితీరు పురుగుమందులకు లొంగని నల్లి జన్యువుల పనితీరును పోలి ఉన్నదని 2013లో ప్రచురితమైన అధ్యయనం ఇదే బంధాన్ని ఎదుటి దిక్కు నుంచి చూపింది. ఎన్నో మొక్కలు తినడం నేర్చిన పురుగులే మందులకు త్వరగా అలవాటు పడతాయన్న అభిప్రాయానికి ఇలాంటి అధ్యయనాల బలం ఉంది, అయితే దానిని నియమంగా తీసుకుంటే పొరపాటు అవుతుందని ఈ అధ్యాయం చివర్లో కనిపిస్తుంది.

పురుగు విషాన్ని విరవకుండానే గెలిచే దారి కూడా ఉంది. పల్నాడులో బాటల పక్కన, బీళ్లలో విరివిగా పెరిగే జిల్లేడు పాలలో కార్డెనోలైడులు అనే విషాలు ఉంటాయి. ఇవి జంతుకణాల్లో సోడియం, పొటాషియం అయాన్లను అటూ ఇటూ చేరవేసే ప్రోటీన్‌కు అతుక్కుని దాని పనిని ఆపేస్తాయి. జిల్లేడు కుటుంబపు మొక్కలనే తినే మోనార్క్ సీతాకోకచిలుకలో ఆ ప్రోటీన్‌లోని 122వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం మారిపోయి, విషానికి పట్టు దొరకదు. ఈ కుటుంబపు మొక్కలను తినే పెంకుపురుగులు, పేనుబంక వంటి ఎంతో దూరపు సంబంధం గల కీటకాల్లోనూ ముఖ్యంగా 111, 122 స్థానాల్లోనే మార్పులు విడివిడిగా పుట్టుకొచ్చాయి. 2019లో పండ్ల ఈగలో మూడు స్థానాలను సవరించి చూస్తే అది కూడా ఆ విషాన్ని తట్టుకుంది. పరిణామానికి దారులు అనంతమని అనుకోవడం సులభం, కాని కొన్ని విషాల ముందు ఆ దారులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి.

ఇక తెల్లదోమ కథ అన్నిటికన్నా విచిత్రమైనది. 1980లలో గుంటూరు ప్రాంతపు పత్తిని దెబ్బతీసినదీ, మిరపలో రైతులు బొబ్బర తెగులని పిలిచే వైరస్‌ను మోసుకు తిరిగేదీ ఇదే. దీని జన్యువుల్లో బీటీపీమాట్1 అనే ఒకటి మొక్కల నుంచి వచ్చినదని 2021లో చైనా శాస్త్రవేత్తలు వెల్లడించారు. మొక్కలు తమ సొంత ఫినాలిక్ విషాలు తమనే బాధించకుండా వాటికి ఒక రసాయన సమూహాన్ని తగిలించి నిర్వీర్యం చేసుకుంటాయి; అందుకు కావలసిన ఎంజైము జన్యువు ఏనాడో తెల్లదోమ పూర్వీకులకు చిక్కి వంశపారంపర్యంగా నిలిచిపోయింది. ఆ జన్యువును అణచివేసేలా మార్చిన టమాటా మొక్కలను పీల్చిన తెల్లదోమలు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. మొక్క నుంచి కీటకానికి జన్యువు చేరి పనిచేసిన ఉదాహరణ అంతకు ముందు తెలియదు.

కొత్త పంట మీద పురుగు విరుచుకుపడిన ప్రతిసారీ దాని వెనుక జన్యు అనుకూలనం ఉందనుకోవడం తగదు. 2021లో ఉమ్మడి గుంటూరు జిల్లా మిరప తోటల్లో పూలలో గుంపులుగా చేరి, పూత రాల్చి, కాయ కట్టనీయక బీభత్సం చేసిన నల్ల తామర పురుగు ఇందుకు నిదర్శనం. థ్రిప్స్ పార్విస్పైనస్ అనే ఈ జాతి భారతదేశంలో మొదట 2015లో బొప్పాయి మీద నమోదైంది గనుక బొప్పాయి నుంచి మిరపకు మారిందని తోచవచ్చు. అయితే ఇండొనేషియా వంటి ఆగ్నేయాసియా దేశాల్లో అది అప్పటికే మిరపకు చీడ. ఇక్కడికి కొత్తగా వచ్చినది పురుగే గాని, దానికి మిరప కొత్త కాదు. ఆకులను పైకి దోనెలా ముడిచే పాత తామర పురుగు, సిర్టోథ్రిప్స్ డోర్సాలిస్, సంగతి భిన్నమైనది. కోయంబత్తూరు నుంచి వెళ్లిన నమూనాల ఆధారంగా 1919లో హుడ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పేరు పెట్టిన ఈ ఆసియా జాతికి తుమ్మ, అశోకం వంటి చిక్కుడు కుటుంబపు చెట్లు సహజ ఆతిథేయులని భావిస్తున్నారు. అది మిరప మీదికి మళ్లడం గడచిన నాలుగైదు శతాబ్దాల్లోనే జరిగి ఉండాలి. పైగా భూతద్దం కింద ఒకే జాతిగా కనిపించే దీనిలో డీఎన్ఏ పరీక్ష చేస్తే కనీసం తొమ్మిది గూఢ జాతులు ఉన్నాయని 2015లో తేలింది. వాటిలో దక్షిణాసియాకు చెందిన ఒకటి మాత్రమే ఎన్నో రకాల మొక్కల మీద బతుకుతూ ఇతర ఖండాలకు పాకింది. 2018లో కర్ణాటకలో బయటపడి కొద్ది నెలల్లో తెలుగు నేలకు చేరిన కత్తెర పురుగుకు సొంత ఖండంలో వరి తెగ, మొక్కజొన్న తెగ అని రెండు జన్యు తెగలు ఉన్నాయి. ఇటు వచ్చిన వాటిలో తల్లి వైపు నుంచి సంక్రమించే మైటోకాండ్రియా గుర్తు ఎక్కువగా వరి తెగదీ, కేంద్రకంలోని గుర్తు మొక్కజొన్న తెగదీ కావడం, కాలువ కింద వరి మడులను దాదాపు వదిలి మొక్కజొన్న మొవ్వుల్లోనే అది చేరడం, ఏ పురుగు ఏ మొక్కదో చెప్పడానికి ఒక్క జన్యు గుర్తు చాలదని తెలుపుతున్నాయి.

పల్నాడులో కొత్త ఆతిథేయికి జన్యు అనుకూలనం కళ్ల ముందే జరిగిన సందర్భం బీటీ పత్తి. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే నేల బాక్టీరియా జన్యువును పత్తిలో చొప్పించగా, మొక్కలోని ప్రతి భాగమూ క్రై1ఏసీ అనే ప్రోటీన్‌ను తయారుచేసింది. అది పురుగు పేగు కణాల మీద ఉండే కాడ్హెరిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని, కణపు పొరకు చిల్లులు పొడిచి, పురుగును చంపుతుంది. ఇంతకు ముందెన్నడూ ఏ పత్తి మొక్కలోనూ లేని విషం ఉన్నందున, పేరుకు పత్తే అయినా పురుగు దృష్టిలో అది కొత్త మొక్క. 2002 మార్చిలో కేంద్రం వాణిజ్య సాగుకు అనుమతించిన ఈ పత్తికి, 2006లో క్రై2ఏబీ అనే రెండో ప్రోటీన్‌ను జోడించిన రకం తోడైంది. కొన్నేళ్లలోనే ఆంధ్ర పత్తి పొలాలు దాదాపు పూర్తిగా వీటి వశమయ్యాయి.

ఈ కొత్త మొక్కకు త్వరగా అలవడేది ఏదని అప్పట్లో అడిగి ఉంటే, పైరెత్రాయిడ్లను మింగి హరాయించుకున్న శనగపచ్చ పురుగు పేరే చాలామంది చెప్పి ఉండేవారు. జరిగినది తలకిందులు. పత్తిని, బెండ వంటి దాని బంధువులను కొన్నింటిని తప్ప ముట్టని గులాబీ రంగు పురుగు 2008 నాటికే గుజరాత్‌లో క్రై1ఏసీకి లొంగడం మానింది. 2014 తరువాత గుజరాత్‌లో మొదలై ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్రల్లో రెండు ప్రోటీన్ల పత్తిలోనూ బతకసాగింది. విచ్చుకోని గుడ్డిపూలు, పైకి నిగనిగలాడుతూ లోపల గింజ తినివేసిన కాయలు పల్నాటి పత్తి రైతులకు మళ్లీ పరిచయమయ్యాయి. శనగపచ్చ పురుగు మాత్రం మన దేశపు బీటీ పత్తిలో ఇప్పటికీ పెద్దగా నిలదొక్కుకోలేదు. వందకు పైగా విషనాశక జన్యువులు గల పురుగు ఓడిపోవడం, అంత సామగ్రి లేని పురుగు గెలవడం ఎలాగన్నది జన్యువుల సంఖ్య చూసి తేల్చుకోగలిగినది కాదు. పొలాల అమరిక చూడాలి.

గులాబీ రంగు పురుగులో నిరోధకతను ఇచ్చే మార్పు సాధారణంగా అంతర్గత లక్షణం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ మారినవే వస్తేనే పురుగు బీటీ పత్తిలో బతుకుతుంది. ఒక్క ప్రతి మారినా రెండోది మామూలుదైతే చస్తుంది. మారిన ప్రతి వెయ్యింటికి ఒకటి చొప్పున ఉంటే, రెండు ప్రతులూ మారిన పురుగు పది లక్షలకు ఒకటి మాత్రమే పుడుతుంది. ఆ ఒక్కటి బీటీ పొలంలో బతికి రెక్కల పురుగై బయటికి వచ్చినప్పుడు చుట్టుపక్కల మామూలు పురుగులు ఎక్కువగా ఉంటే దాని జత వాటితోనే కుదురుతుంది, పిల్లలన్నీ ఒకే మారిన ప్రతితో పుట్టి బీటీ పత్తిలో చస్తాయి. చుట్టూ మామూలు పురుగులు లేకపోతే అది తనలాంటి బతికి బయటపడ్డ దానితోనే జతకడుతుంది, ఆ తరువాత కథ వేగంగా నడుస్తుంది. శనగపచ్చ పురుగుకు మామూలు పురుగుల ఊట ఎన్నడూ ఎండదు. పక్క చేలో కంది, ఆవలి దిబ్బ మీద శనగ, గట్టు మీద బంతి, మిరప తోట, టమాటా మడి ఇవన్నీ బీటీ లేని మొక్కలు, గాలివాటున మైళ్ల దూరం ఎగిరే దాని రెక్కల పురుగులు ఈ పంటలన్నిటి నుంచీ వచ్చి కలుస్తాయి. దీనినే జన్యుప్రవాహం అంటారు. పత్తి తప్ప దిక్కులేని గులాబీ రంగు పురుగుకు ఈ ఊట పత్తిలోనే ఉండాలి. అందుకే బీటీ పొలం చుట్టూ ఇరవై శాతం లేదా ఐదు వరుసల మేర బీటీ లేని పత్తి వేయాలన్న నిబంధన పెట్టి, విత్తన సంచితో పాటు చిన్న పొట్లం ఇచ్చారు. ఆ పొట్లం చాలా పొలాల్లో మట్టిని చూడలేదు. ఉన్న కొద్ది భూమిలో ఐదు వరుసలు పురుగుకు అప్పగించమనడం రైతుకు రుచించే మాట కాదు, ఎందుకు అప్పగించాలో చెప్పినవారూ తక్కువ.

భారతీయ పొలాల గులాబీ రంగు పురుగుల కాడ్హెరిన్ జన్యువును పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో తీవ్రంగా దెబ్బతిన్న ఎనిమిది కొత్త రూపాలు బయటపడ్డాయి. ఒకే పరీక్షలో అన్ని వేర్వేరు మార్పులు తేలడాన్ని బట్టి, ఒక్క పురుగు నుంచి నిరోధకత దేశమంతా వ్యాపించిందని కాక, పలు చోట్ల పలుమార్లు విడివిడిగా పుట్టిందని భావించవలసి ఉంటుంది. క్రై2ఏబీని తట్టుకోవడానికి ఏబీసీఏ2 అనే మరో పేగు ప్రోటీన్ జన్యువు దెబ్బతిన్నది. విషాన్ని విరవడం చేతకాని పురుగు, విషం పట్టుకునే కొమ్మనే తుంచుకుంది. అయితే ఈ తుంచుకోవడం ఉచితం కాదు. మారిన ప్రతులు గల పురుగు బీటీ లేని పత్తిలో మామూలు పురుగుకన్నా వెనకబడుతుందని, పత్తి తన సొంత విషమైన గాసిపాల్‌ను ఎక్కువగా పెట్టినప్పుడు ఆ వెనకబాటు మరింత పెరుగుతుందని అరిజోనా శాస్త్రవేత్తలు చూపారు. శనగపచ్చ పురుగుది కూడా శాశ్వత ఓటమి కాదు: ఉత్తర చైనాలో టెట్రాస్పానిన్ అనే ప్రోటీన్‌లో ఒకే ఒక్క మార్పు, అదీ ఒక్క ప్రతి ఉన్నా చాలిన బహిర్గత లక్షణం, 2006లో వెయ్యింటికి ఒకటిగా ఉన్నది 2016 నాటికి పదింటికి ఒకటిగా పెరిగింది. బహిర్గత లక్షణాన్ని మామూలు పురుగుల జత ఆపలేదు.

అమెరికాలో బీటీ లేని పత్తిని నిబంధన ప్రకారం వేయడం, ఆ తరువాత వంధ్యీకరించిన రెక్కల పురుగులను విడుదల చేయడం కలిసివచ్చి, 2018లో గులాబీ రంగు పురుగును దేశపు పత్తి ప్రాంతాల నుంచి నిర్మూలించినట్లు ప్రభుత్వం ప్రకటించింది. చైనా యాంగ్సీ లోయలో జరిగినది ఇంతకన్నా ఆసక్తికరం, ఎందుకంటే అక్కడ ఎవరూ పురుగు కోసం దానిని ఉద్దేశించలేదు. బీటీ సంకరాన్ని దానితోనే మళ్లీ పండించిన రెండో తరం విత్తనం చౌకగా దొరకడంతో రైతులు దానిని వేశారు. మెండెల్ లెక్క ప్రకారం ఆ విత్తనంలో నాలుగింట ఒకటి బీటీ లేని మొక్కగా మొలిచింది. పొలం నిండా చెదిరిన ఆ మొక్కల మీద మామూలు పురుగులు పుట్టి, 2010 నుంచి 2015 మధ్య అక్కడి పురుగుల్లో నిరోధకత వెనక్కి తగ్గింది.

భారతీయ బీటీ విత్తనమూ సంకరమే, పల్నాడు రైతు ఏటా కొనే బీటీ విత్తనం మొదటి తరానిది కాబట్టి దాని నుంచి మొలిచిన ప్రతి మొక్కలోనూ బీటీ ఉంటుంది. ఆ మెండెల్ లెక్క ఇక్కడ కాయ లోపల అమలవుతుంది. కాయ తొక్క తల్లి మొక్కది, లోపలి గింజలు తరువాతి తరానివి, అందువల్ల ఒకే కాయలో బీటీ గింజలూ, ఒక్కో ప్రోటీన్ మాత్రమే ఉన్న గింజలూ, ఏదీ లేని గింజలూ పక్కపక్కనే ఉంటాయి. గింజ తర్వాత గింజను తొలుచుకుంటూ పోయే గులాబీ రంగు పురుగుకు ఒక గింజలో విషం, మరో గింజలో విషం లేని తిండి దొరికి, ఒక్క మారిన ప్రతి ఉన్నది కూడా చావకుండా ఎదిగే వీలు కలిగింది. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థకు సంచాలకుడుగా పనిచేసిన కేశవ్ క్రాంతి ఈ అమరికను, ఫిబ్రవరి దాటాక కూడా నిలబెట్టే దీర్ఘకాలిక సంకరాలను, నిరోధకత త్వరపడడానికి ముఖ్య కారణాలుగా చాలాసార్లు ఎత్తిచూపారు. ఆ మెండెల్ లెక్క యాంగ్సీ లోయలో వేర్వేరు మొక్కల మీద పరుచుకుని పురుగును బలహీనపరచగా, పల్నాటి పొలంలో ఒకే కాయలోకి ఇమిడి దానికి సహాయపడింది.